రొట్టె మందం సందు

నారాయణఖేడ్‌లో ఏ పాత ఇంటికైనా వెళ్లి, తలుపు మూసి, రెక్కల నడుమ కన్ను ఆనించి చూడండి. అవతలి వెలుతురు కనిపించకపోతే అది బస్వరాజ్ చేసిన తలుపు. కనిపిస్తే ఇంకెవరో చేసింది. ఈ మాట ఊరు చెప్పేది కాదు, బస్వరాజ్ చెప్పేది. అడిగితే చెబుతాడు, అడక్కపోతే ఇంకా గట్టిగా చెబుతాడు. ఒకరింట్లో మనిషి పోతే పలకరించడానికి వెళ్లి, ఏడ్చేవాళ్ల వెనకనున్న దర్వాజ వంక చూసి, "గిది నేను చేసిందే, చూడున్రి" అన్న ఘనుడు ఆయన.

వడ్రంగి పని చేసే ఈ వడ్ల బస్వరాజ్‌కు ఒక ఊతపదం ఉంది: "చీమ దూరితే అడుగు." అంటే ఆయన అతికిన రెండు పలకల మధ్య చీమకు కూడా దారి ఉండదని. అక్కడితో ఆగితే బాగుండేది. "నా పనిల చీమ దూరిన దినం బాడిశ పక్కకు పెడ్త, మల్ల ముట్ట" అని పదిమందిలో ఒట్టు కూడా పెట్టుకున్నాడు. బాడిశ అంటే కట్టె చెక్కే పనిముట్టు, ఇన్నేళ్లూ ఆయనకు అన్నం పెట్టింది అదే. ఊరికి ఇంతకంటే ఏం కావాలి? చీమల బస్వరాజ్ అని పేరు పెట్టేసింది. వెక్కిరించడానికి పెట్టిన పేరును బిరుదులాగా మోసుకు తిరిగే మనిషిని ఎవరు మాత్రం ఏం చేయగలరు!

అయితే కట్టె తలుపుల కాలం పోయింది. ఇప్పుడు ఇల్లు కట్టేవాళ్లు గ్రానైటు రాతితో చౌకట్లు నిలబెడుతున్నారు. ఫైబర్ తలుపులు ఆటోలో వచ్చి దిగుతున్నాయి. బస్వరాజ్‌కు మంచం కోడు సరిచేసే పని, విరిగిన కుర్చీకి కాలు పెట్టే పని మిగిలాయి. అట్లాంటప్పుడు హైదరాబాదులో సెంట్రింగ్ పని చేసే కొడుకు సుభాష్ ఫోన్ చేశాడు.

"నాయినా, ఈడ అపార్ట్‌మెంటుల వాచ్‌మెన్ పని ఉన్నది. ఉండనీకి అర్ర ఇస్తరు. గేటు తెరుసుడు, మూసుడు, గంతే."

"ఏంరా, తలుపులు చేసినోణ్ని తీస్కపోయి తలుపు కాడ కూసోవెడ్తవా?" అని బస్వరాజ్ ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాడు గానీ దిగులు పట్టుకుంది.

ఆయన భార్య అమృతమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "గీ వానకాలంల పని దొరికితె ఉందాం. దొరక్కుంటె పిలగాని తాన్కి పోదాం" అని ఒక్కసారే చెప్పింది. చెప్పి ఊరుకోకుండా పాత చీరలో పెద్ద మూట కట్టి ఇంటి మూలన పెట్టింది. అన్నం తినేటప్పుడు ఆ మూట ఎదురుగా ఉండేది, పడుకుంటే కాళ్ల దగ్గర ఉండేది. బస్వరాజ్‌కు దాన్ని చూస్తే పోలీసును చూసినట్టు ఉండేది. ఈ ఊరు వదిలి, బాడిశ అటక మీద పడేసి, ఎవరి కారుకో గేటు తీస్తూ బతకడం తన వల్ల కాదు. ఆ మాట పెళ్లాంతో చెప్పలేక రొట్టె మీద పడేవాడు.

"గిది రొట్టెనా, తక్తనా? కొయ్యనీకి రంపం తేవాల్నా?"

నిజమే, అమృతమ్మ జొన్నరొట్టె మందంగా ఉంటుంది. పెళ్లయిన నాటి నుంచీ అంతే మందం. పొద్దున చేసింది మాపటికి గట్టిపడుతుంది, మర్నాటికి కొడితే మోగుతుంది. "నీకు పండ్లు లేకుంటె నా రొట్టెనేం జేస్తది?" అని ఆమె పొయ్యి వైపు తిరిగిపోయేది.

ఎండాకాలం మొదట్లో నీలాంబిక కబురు పెట్టింది. బజారులో బట్టల దుకాణం ఆమెదే. పుట్టిల్లు బీదర్, ఇంట్లో మాట కన్నడం, గల్లా దగ్గర మాట తెలుగు. కొత్త ఇంటి ముందు అంతా నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడి, పైకి లాగితే చెప్పు లోపలే మిగిలిపోయే నేల అది. ఆమె ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది.

"బస్వన్నా, ఇంటి ముంగట గిసొంటిది కావాలె. డెక్కు అంటరంట. మా తమ్ముడు చన్నప్ప బీదర్ల పెద్ద ఇల్లు కట్టుకుంటుండు, గీ ఫొటో వాడే పంపిండు. వానికంటె ముందుగాల నేను చేయించుకోవాలె. మంచిగ వస్తె వాని ఇంటి పని కూడ నీదే."

బస్వరాజ్ ఫోన్‌ను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశాడు. చెట్ల నడుమ ఇల్లు, ఇంటి ముందు నేలకు మూరెడు ఎత్తున కట్టె అరుగు, అరుగు మీద కుర్చీలు, కుర్చీల్లో పనీపాటా లేని మనుషులు. బాగానే ఉంది. ఫొటో పెద్దది చేయమన్నాడు. చేస్తే ఏముంది, పలకకూ పలకకూ మధ్య సందులు!

"థూ! గిదేం పని అక్కా? ఎవడో చేతగానోడు చేసిండు. చీమ కాదు, ఎలుక పిల్ల దూరుతది గిండ్లకెళ్లి."

"దూరితె దూరనీ. అట్లనే చెయ్యి. ఏండ్లకేండ్లు నిలవాలె, గంతే నాకు."

"నిలుస్తది. కానీ గీ సందుల పని నా చేతుల కాదు. నేను చేసిన్నంటె చీమ దూరితే అడుగు. నీ తమ్ముడు బీదర్ నుంచి వచ్చి దండం పెట్టి పోవాలె."

బట్టల బేరంలో ఎవరికీ లొంగని నీలాంబిక ఆ ఒక్కరోజు లొంగిపోయింది, అదే పొరపాటు.

ఒక విషయంలో మాత్రం బస్వరాజ్‌ను తిట్టడానికి లేదు. అరుగు కింది పని ఆయన చక్కగా చేశాడు. నల్లరేగడి ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది, దాని మీద ఏది నిలబెట్టినా వంకర పోతుంది. అందుకని ఎర్ర మొరం తగిలేదాకా గుంటలు తవ్వించి, రాళ్లు పేర్పించి, ఆ రాళ్ల మీదే గుంజలు నిలబెట్టాడు. కట్టెకు మన్ను అంటనియ్యలేదు. నీలాంబిక పాత ఇల్లు విప్పినప్పటి వేప దూలాలు గోదాములో ఉంటే, కోత మిషన్ మొగులయ్య దగ్గర పలకలు కోయించాడు. చెదలు పట్టకుండా కింది వైపు అంతా ట్రాక్టరు కాలిన నూనె పూశాడు. పుట్టినప్పటి నుంచీ చేదుగా ఉన్న వేపకు అంత కంపు కూడా తోడైతే ఏ చెదపురుగు దగ్గరికొస్తుంది?

కష్టమంతా పైన వచ్చింది. బతుకంతా తలుపులు చేసిన మనిషి అరుగు చేయమంటే ఏం చేస్తాడు? తలుపే చేస్తాడు. నిలబెట్టేది పడుకోబెడతాడు. ప్రతి పలక అంచుకూ గాడి తీసి, పక్క పలక అంచును నాలుకలాగా చెక్కి, ఆ గాడిలో పెట్టి సుత్తితో బిగగొట్టాడు. మండే ఎండల్లో బాగా ఎండిన పలకలను గాలి కూడా ఆడకుండా బిగించాడు. చుట్టూ గడపలాగా ఎత్తు అంచు కట్టాడు. ఇంటి ముందు దోమల జాలీ తలుపు బయటికి తెరుచుకుంటుంది, దాని కింద కూడా సందు ఉంచకుండా పలకలను ఆనించాడు.

పగటి అన్నం తెచ్చిన అమృతమ్మ అరుగు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"మరి వానొస్తె నీళ్లెటు పోవాలె?"

"ఎటూ పోవు. ఒక్క సుక్క కిందికి దిగదు."

"గదే అడుగుతున్న."

"నీకు తెల్వది ఊకో" అన్నాడు బస్వరాజ్.

పని అయిపోయాక పూజ కావాలన్నాడు. దర్వాజ నిలబెట్టిన రోజు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వడ్లాయనకు కొత్త బట్టలు పెట్టడం ఆనవాయితీ. ఇదీ తలుపే కాబట్టి దీనికీ మర్యాద జరగాలని ఆయన వాదన. అసలు కన్ను దుకాణంలోని ధోవతి మీద ఉందని అందరికీ తెలుసు. కానీ నిలబడిన తలుపుకు తల పైన, కాళ్లు కింద. పడుకున్న తలుపుకు తల ఎటు? పసుపు ఎక్కడ రాయాలి?

"ఉత్తరం దిక్కు తల పెట్టొద్దు, అరిష్టం" అంది నీలాంబిక.

"పడుకున్నదంటున్నరు, పానమున్నదా లేదా? ముందుగాల గది చెప్పున్రి" అన్నాడు మొగులయ్య. పలకలు కోసిన హక్కుతో పూజకు వచ్చి కూర్చున్నాడు, కొబ్బరి ముక్క కోసం.

చివరికి తల తూర్పుకు తేల్చి, పసుపు రాసి, ధోవతి పుచ్చుకున్నాక బస్వరాజ్‌కు పూనకం వచ్చినంత పనైంది. బిందె తెప్పించి, నీళ్లన్నీ అరుగు నడుమ కుమ్మరించాడు. "పో మొగులన్నా, కిందికి దూరి చూడు. ఒక్క సుక్క కారితే అడుగు." మొగులయ్య పొట్ట నేలకు ఆనించి అరుగు కిందికి పాకి చూశాడు. కింద అంతా పొడి. చూడవచ్చిన వాళ్లు చప్పట్లు కొట్టారు. పైన నీళ్లు అద్దంలాగా నిలబడ్డాయి. అందులో తన ముఖం చూసుకుని బస్వరాజ్ మీసం సవరించుకున్నాడు. ఆ నీళ్లను ఎత్తు అంచు దాటించడానికి నీలాంబిక చీపురుతో పడిన తిప్పలు మాత్రం అమృతమ్మ ఒక్కతే చూసింది.

మిరుగం కార్తె వాన ఈసారి బాకీ తీర్చుకోవడానికి వచ్చినట్టు వచ్చింది. పొద్దూ మాపూ ఒకటే వాన. ఖేడ్ నుంచి సిర్గాపూర్ దాకా చేలన్నీ తడిసి, రైతులు సంబరపడిపోయారు. వాన కాస్త తెరిపి ఇచ్చిన ఒక పగటి పూట, అక్క చెప్పుకున్న గొప్పలు ఫోన్లో విని విని, చన్నప్ప కారేసుకుని అరుగు చూడటానికి బీదర్ నుంచి దిగాడు.

దిగినవాడు దిగినట్టే నిలబడిపోయాడు. ఇంటి ముందు నాలుగు అంచుల నడుమ నిండుగా నీళ్లు. ఎవరిదో బర్రె అంచు మీద మెడ ఆనించి హాయిగా తాగుతోంది.

"ఏనక్కా ఇదు? డెక్కు అంటివి, బర్లకు తొట్టి కట్టించినవా?"

నీలాంబిక కిటికీలో కనబడింది. కిటికీలో తప్ప ఇంకెక్కడా కనబడే వీలు లేదు పాపం. నీళ్లు తాగిన పలకలు ఉబ్బి, పక్కకు జరగడానికి చోటు లేక, పూరీల్లాగా పైకి పొంగాయి. బయటికి తెరుచుకునే జాలీ తలుపు వాటికి తగిలి ఇరుక్కుపోయింది. ఆ ఇంటికి వెనక దారి లేదు, వెనక అంతా ఎవరో సేటు గోదాము గోడ.

"అయ్యో శివనే! తలుపు వస్తలేదురా తమ్మీ! పొద్దుగాల్నుంచి లోపల్నే ఉన్న. దుకాణం కూడ తెరవలే. ముందుగాల గా బస్వరాజ్‌ను పట్కరా!"

ఆయన్ను పట్టుకు రానక్కర్లేకపోయింది. కబురు అందగానే తానే వచ్చేశాడు, వెనక మొగులయ్య, ఆ వెనక సగం బజారు. బస్వరాజ్ అరుగు చూశాడు. మొగులయ్య వంగి అరుగు కింద చూసి లేచాడు.

"ఒక్క సుక్క దిగలే అన్నా. మాట నిలవెట్టుకున్నవ్."

జనం గొల్లుమన్నారు. బస్వరాజ్ ముందు వానను తిట్టాడు. ఇంత వాన ఎవరు పడమన్నారని అడిగాడు. తర్వాత వేపను తిట్టాడు. తల తూర్పుకు కాక పడమరకు పెట్టాల్సిందని, నీలాంబిక మాట విని చెడిపోయానని అన్నాడు. కిటికీలోంచి ఆమె ఏదో విసిరింది. అదృష్టం, ప్లాస్టిక్ మగ్గే.

"జల్దీ తలుపు కింద కోసెయ్ రాదు? బయటికన్న వస్తది" అన్నాడు చన్నప్ప.

బస్వరాజ్ రంపం తీసుకుని తలుపు దగ్గర కూర్చున్నాడు. పలకల పొంగు మీద వేలు పెట్టి చూశాడు. తలుపు కోస్తే ఇవాళ తెరుచుకుంటుంది. రేపు పలకలు ఇంకాస్త లేస్తాయి, మళ్లీ పట్టుకుంటాయి. తప్పు తలుపుది కాదు. తల ఎత్తితే ఎదురుగా అమృతమ్మ. మధ్యాహ్నం సద్దిమూట చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. నీళ్లెటు పోవాలె అని అడిగిన మనిషి, ఇప్పుడు అడగను కూడా అడగలేదు. ఆమె చేతిలోని మూటను చూడగానే ఇంటి మూలనున్న పెద్ద మూట కళ్ల ముందు కదిలింది. ఈ పని చెడితే ఖేడ్‌లో ఇక ఎవరూ పిలవరు. రేపో ఎల్లుండో బస్సు, ఆ తర్వాత గేటు.

ఆయన లేచి కిటికీ దగ్గరికి నడిచాడు.

"తప్పైంది అక్కా. నీళ్లకు దారి ఇడువలే నేను."

చీమల బస్వరాజ్ నోటి నుంచి తప్పైంది అనే మాట పుట్టి బుద్ధెరిగి ఎవరూ వినలేదు. అమృతమ్మ అయితే పక్కనున్న గోడ పట్టుకుంది.

రంపం ఈసారి అరుగు మీద పడింది. తన చేత్తో బిగించిన పలకను తన చేత్తోనే కోస్తుంటే రంపం గుంజిన ప్రతిసారీ ఆయన ముఖం అదో రకంగా అయ్యేది. పలక ఊడి వచ్చింది. నీళ్లు బొళబొళమని కిందికి దిగిపోయాయి. బర్రె ఇంకాసేపు ఆశతో నిలబడి, వెళ్లిపోయింది. జాలీ తలుపు తెరుచుకుంది. నీలాంబిక బయటికి వచ్చి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది. తెలుగు అయిపోయాక కన్నడంలో తిట్టింది. బస్వరాజ్ అన్నీ విన్నాడు.

"ఇగ నేను పోతనక్కా. చూసిన గద" అన్నాడు చన్నప్ప, కారు తాళాలు తిప్పుతూ.

"కూసో తమ్మీ. చాయ్ తాగు. పొద్దుగూకే లోపల చూపిస్త" అన్నాడు బస్వరాజ్.

ఎత్తు అంచు ఊడగొట్టాడు. పలకలు విప్పి నాలుకలన్నీ కోసేశాడు. ఇక సందులు వదిలి మళ్లీ బిగించాలి. అక్కడ చిక్కొచ్చి పడింది. సందు మూయడానికి ఆయన సంచిలో సవాలక్ష సామాన్లు ఉన్నాయి, సందు పెట్టడానికి ఒక్కటీ లేదు. బొటనవేలు పెట్టి చూస్తే కుర్చీ కాలు దిగబడేంత వెడల్పు. చిటికెన వేలు వాతంతో వంకర. కంటి లెక్కన పెడితే ఒక సందు చీమకు, ఒకటి పిల్లికి అన్నట్టు వస్తున్నాయి.

"ఆగు" అని నీలాంబిక లోపలికి పోయి ఖడక్ రొట్టె తెచ్చింది. ఎండబెట్టి దాచుకునే బీదర్ వైపు రొట్టె, అప్పడమంత పలచన. "నా రొట్టెలన్ని ఒక్క తీరుగ ఉంటయ్. నడుమ పెట్టు." పెట్టి సుత్తితో ఒక్కటి తట్టగానే పొడి పొడి అయిపోయింది.

అప్పుడు అమృతమ్మ సద్దిమూట విప్పింది. నిన్నటి జొన్నరొట్టె తీసి, చేత్తో రెండుగా విరవబోతే విరగలేదు. మొగుడి బాడిశ అందుకుని దాని మీద ఒక్క వేటు వేసి రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క ఈ కొసన, ఒక ముక్క ఆ కొసన నిలబెట్టింది.

"కొట్టు" అంది.

బస్వరాజ్ కొట్టాడు. రొట్టె చెక్కు చెదరలేదు. పలక వచ్చి రొట్టెకు ఆనుకుంది. ముక్కలు లాగేస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క తీరు సందు. ఇన్నేళ్లు తాను తిట్టుకుంటూ తిన్న రొట్టెను ఆయన వెలుతురుకు ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాతి పలక అందుకున్నాడు.

తలుపు ముందు సగం అరుగు తయారయ్యేసరికి మళ్లీ వాన దంచింది. జనం చూరు కిందికి ఉరికారు. బస్వరాజ్ మాత్రం అరుగు మీదే నిలబడ్డాడు. నీళ్లు పడ్డవి పడ్డట్టే సందుల్లోంచి జారిపోతున్నాయి, పలక మీద ఒక్క మడుగు లేదు. పలకలు ఎంత తడిసి ఉబ్బినా ఇక ఒకదాన్నొకటి తోసుకోవని ఆయనకు అర్థమైంది. చన్నప్ప చాయ్ గ్లాసుతో చూరు కింద నుంచి అదే పనిగా చూశాడు.

వాన వెలిశాక చీమలు బయలుదేరాయి. పలకల అంచులకు అంటుకున్న రొట్టె పొడి వాసన పట్టి, వరస కట్టి అరుగు ఎక్కాయి. ఆ పొడిని నోట కరుచుకుని, బస్వరాజ్ కళ్ల ముందే సందులో దిగిపోయాయి.

మొగులయ్యకు ఇంకేం కావాలి? "అన్నా! చీమ దూరింది! బాడిశ పక్కకు పెడ్తనంటివి!"

అందరూ బస్వరాజ్ వైపు తిరిగారు. ఆయన చీమలను చూశాడు, చేతిలోని బాడిశను చూశాడు.

"పెడ్త. నేను మాట తప్పేటోణ్ని కాదు. బీదర్ పని అయినంక పెడ్త."

"బీదర్ల పని ఇస్తనని నేనెప్పుడన్న?" అన్నాడు చన్నప్ప.

బస్వరాజ్ ముఖం పాలిపోయింది. అమృతమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది. చన్నప్ప చెప్పులు విడిచి, సందులు పెట్టిన పలకల మీదికి ఎక్కి, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. కాలి కింద ఎక్కడా నీళ్లు నిలవలేదు. అరికాలు ఎత్తి చూసుకున్నాడు కూడా.

"సోమవారం రా. కానీ నా ఇంటి కాడ బిందెలతోని నీళ్లు పోసి చూపెట్టొద్దు. గా కొలత రొట్టె మాత్రం మర్వకు."

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. బస్వరాజ్ కొడుక్కు ఫోన్ చేసి, వాచ్‌మెన్ పని ఇంకెవరికైనా ఇప్పించమన్నాడు. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుని మూలనున్న పెద్ద మూట దగ్గరికి పోయాడు. ఎన్నాళ్లుగానో గుండెల మీద కూర్చున్న మూట. ముడి విప్పాడు. రెండు చిరిగిన బొంతలు, విరిగిన చాట, అటక మీది పాత గోనెసంచులు. చీర లేదు, చెంబు లేదు, ఊరు పోయేవాళ్లు సర్దుకునే వస్తువు ఒక్కటీ లేదు.

"గిదేందే?"

అమృతమ్మ పొయ్యి ముట్టించి రొట్టెల పెంక పైన పెడుతోంది. వెనక్కి తిరగలేదు.

"పెంక పొయ్యి మీదనే ఉండె గద ఇన్ని దినాలు. పెంక లేకుంట నేనెట్ల పోత? నీకు గంత కూడ కనవడదాయె."

బస్వరాజ్ బొంత చేత్తో పట్టుకుని మూట పక్కనే కూర్చున్నాడు. నవ్వు వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. అవి కనబడకుండా బొంతతోనే తుడుచుకున్నాడు.

"సోమవారం పొద్దుగాల రెండు రొట్టెలు ఎక్కువ చెయ్యి."

"మంచిది."

"మందంగ చెయ్."